డిగ్రీలో సోషియాలజీ: చదివి, దాని మీదనే బతుకుతున్న మనిషి రాస్తున్న రివ్యూ

ప్రతి ఏడాది ఇంటర్ రిజల్ట్స్ వచ్చి దోస్త్‌లో (తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్) వెబ్ ఆప్షన్లు పెట్టుకునే టైంకి మా ఊరి పిల్లలు ఎవరో ఒకరు ఫోన్ చేసి "అక్కా, బీఏలో సోషియాలజీ తీసుకోవచ్చా" అని అడుగుతరు. సోషియాలజీ అంటే సమాజ శాస్త్రం. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అయ్యే ముచ్చట కాదు, అందుకే ఒక్కసారి వివరంగా రాస్తున్నా. నేను చదివింది హైదరాబాద్‌లో ఒక గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ, హిస్టరీ - పొలిటికల్ సైన్స్ - సోషియాలజీ, తెలుగు మీడియం. తర్వాత ఎంఏ కూడా ఇదే. ఇప్పుడు పల్లెల్లో సర్వేలు చేసే సంస్థల కోసం ఫీల్డ్ రీసెర్చ్ పని, చాలా ఏళ్ళ నుంచి ఇదే తిండి పెడుతుంది. ముందే చెప్పేస్తా, సబ్జెక్టుకి పదికి పది ఇస్తా, దాన్ని మనకి డిగ్రీలో చెప్పే పద్ధతికి నాలుగు ఇవ్వడం కూడా ఎక్కువే. మధ్యలో మిగిలిన ఆ ఆరు మార్కులు మీరే బయట తిరిగి సంపాదించుకోవాలి.

ఫస్టియర్ సిలబస్ చూస్తే చాలా తేలిగ్గా అనిపిస్తది. సమాజం, సముదాయం, సమూహం, కుటుంబం, వివాహం, బంధుత్వం, ఇవన్నీ మనకి తెలిసినవే కదా అనుకుంటం, అక్కడే చాలామంది పుస్తకం పక్కన పడేస్తరు. నాకు మాత్రం మానవ శాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లో బంధుత్వం మీద రాసింది చదివినప్పుడు మొదటిసారి ఈ సబ్జెక్టు పట్టుకుంది. ఉత్తరాదిలో ఆడపిల్లని ఊరు దాటించి, ముక్కూ మొహం తెలియని ఇంటికి ఇస్తరు, ఆ పిల్ల అక్కడ మొత్తానికి కొత్త మనిషి. మన వైపు మేనరికాలు కాబట్టి పుట్టిల్లు, అత్తిల్లు ముందునుంచే కలిసిపోయి ఉంటయి, చిన్నప్పటి నుంచి తిరిగిన ఇంటికే కోడలిగా పోతరు. మా అమ్మది మేనరికమే. మా అమ్మ అత్తారింట్లో అంత ధైర్యంగా ఎట్లా మాట్లాడేదో, అదే మా పెద్దమ్మ బయటి సంబంధం చేసుకుని ఎందుకు అంత అణిగి ఉండేదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు, వాళ్ళ వాళ్ళ స్వభావాలు అంతే అనుకున్నా. స్వభావం అనుకున్నదాంట్లో పెళ్ళి ఏర్పాటుకి ఎంత పాత్ర ఉందో తెలిసాక ఇంట్లో మనుషుల మీద నాకున్న కోపాలు సగం పోయినయి.

సెకండియర్‌లో కులం మీద యూనిట్. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి. సమాజ శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన ప్రాబల్య కులం, అంటే ఊళ్ళో జనాభా ఉండి, భూమి ఉండి, రాజకీయంగా పట్టు ఉండే కులం, ఈ టాపిక్ రోజు క్లాసు ఒక్కసారి బిగుసుకుపోయింది. కొంతమంది మా గురించే అంటున్నరు అన్నట్టు మొహాలు పెట్టుకున్నరు, కొంతమందిమి తలలు వంచుకుని రాసుకుంటున్నం. మా మేడం పాఠం ఆపేసి అందరికీ తెల్లకాగితాలు ఇచ్చి ఎవరి ఊరు మ్యాప్ వాళ్ళని గీయమంది. ఏ వాడ ఎక్కడ, గుడి ఎక్కడ, నీళ్ళ ట్యాంకు ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుతది, సీసీ రోడ్డు ఎక్కడిదాకా ఉంది. నల్గొండ పిల్ల, పాలమూరు పిల్లగాడు, మెదక్ వాళ్ళు, ఎవరి కాగితం వాళ్ళు గీసి గోడకి అంటించినం. ఎస్సీ కాలనీ దాదాపు అన్నిట్లో ఊరి చివరే, మంచి రోడ్డు అక్కడికి పోకముందే ఆగిపోతుంది. ఒకరి ఊరు ఒకరు చూడని పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒకటే బొమ్మ గీసినం. అప్పుడు ఎవ్వరూ వాదించలేదు, వాదించడానికి ఏముంది, గోడ మీదనే ఉంది.

అంబేడ్కర్ 1916లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ స్టూడెంట్‌గా ఉన్నప్పుడే సమర్పించిన పేపర్‌లో కులానికి ఆయువుపట్టు కులం లోపలే పెళ్ళి చేసుకోవడమని చెప్పిండు. అది చదివాక పెళ్ళిళ్ళకి పోవడం నాకు మునుపటిలా లేదు, నిజంగా చెప్తున్నా. పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో బయోడేటాలు చూసినా మొదట కళ్ళు కులం రాసిన ఆ ఒక్క లైన్ మీదకే పోతయి. ఇంట్లో గొడవలు కూడా అయినయి, ముఖ్యంగా మా బాబాయి తోటి. ఈ సబ్జెక్టు తీసుకునేవాళ్ళు ఇది తెలుసుకునే తీసుకోవాలి, ఇది మార్కుల దగ్గర ఆగదు, ఇంటిదాకా వస్తది.

ఇక థియరీ. దర్ఖైమ్, వెబర్, మార్క్స్, ఈ సబ్జెక్టుకి పునాది వేసిన యూరప్ ఆలోచనాపరులు. ఇక్కడ మన పరీక్ష పద్ధతి సబ్జెక్టుకి చాలా అన్యాయం చేస్తది. దర్ఖైమ్ 1897లో ఆత్మహత్య మీద పుస్తకం రాసిండు, పూర్తిగా వ్యక్తిగతం అనిపించే చావుని యూరప్ దేశాల అధికారిక లెక్కలు దగ్గర పెట్టుకుని చూసిండు, కాథలిక్‌ల కన్నా ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, పెళ్ళయిన వాళ్ళ కన్నా కానివాళ్ళలో ఎక్కువ అని చూపించి, మనిషి చుట్టూ ఉన్న కట్టుబాట్లు, ఆసరాలు ఎంత గట్టిగా ఉన్నయి అన్నదాన్ని బట్టి ఈ రేటు మారుతదని వాదించిండు. ఇంత పెద్ద ఆలోచన మా గైడులో "ఆత్మహత్యలు నాలుగు రకములు" అని నాలుగు పాయింట్లు అయి కూర్చుంది. అది బట్టీ కొట్టి రాస్తే ఫుల్ మార్కులు. అదే టైంలో మా జిల్లాల్లో కౌలు రైతులు చనిపోతున్నరు. పట్టా పేరు మీద లేకపోతే బ్యాంకు లోన్ దొరకడం కష్టం, 2018లో రైతులకి పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి సీజన్‌కి 4,000 రూపాయలు పట్టాదారుకే పోయినయి, పొలంలో దిగేది కౌలు రైతు, అప్పు బయట వడ్డీకి తెచ్చేదీ అతనే, పంట పోతే ఊళ్ళో మొహం చూపించలేనిదీ అతనే. దర్ఖైమ్‌ని ఈ పొలం గట్టు మీదికి తీసుకొచ్చి చెప్తే ఏ పిల్లకైనా ఎక్కుతది. మాకు ఎవరూ అట్లా చెప్పలేదు, ఆయన చెప్పింది మన రైతుకి ఎంతవరకు వర్తిస్తది, ఎక్కడ వర్తించదు అని నేను ఉద్యోగంలో పడ్డాకనే కూర్చుని ఆలోచించుకున్నా.

మనవాళ్ళకి తప్పకుండా తెలియాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఇండియాలో ఊళ్ళ మీద వచ్చిన తొలి పెద్ద స్టడీల్లో ఒకటి హైదరాబాద్ పక్కనున్న మన శామీర్‌పేట మీదనే. ఉస్మానియాలో పనిచేసిన మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే తన టీంతో అక్కడ పనిచేసి 1955లో పుస్తకం తెచ్చిండు, ఏ కులం ఏ పని చేస్తది, పంట వచ్చినప్పుడు ఎవరి వాటా ధాన్యం ఎవరికి పోతది, పండగలు, ఇంట్లో అత్తాకోడళ్ళ సంబంధాల దాకా రాసిండు. మా సిలబస్‌లో దాని గురించి ఒక్క పేరా ఉంది. మేము నలుగురం సిటీ బస్సు ఎక్కి శామీర్‌పేట పోయినం, ఎవరూ పొమ్మనలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం రేట్లు చెప్పే రియల్ ఎస్టేట్ బోర్డులు, చెరువు దగ్గర ఫోటోలు దిగే జనం, లోపలికి పోతే ఇంకా పాత వాడలు. ఒక ముసలాయన అరుగు మీద కూర్చోబెట్టుకుని ఒకప్పుడు కుమ్మరికి, చాకలికి, వడ్లాయనకి కల్లం దగ్గర గింజలు ఎట్లా కొలిచి ఇచ్చేవాళ్ళో చెప్పిండు, ఇప్పుడు ఆయన మనవడు కార్ డ్రైవర్. పుస్తకంలో పేరా ఆ రోజు మా ముందర నడుచుకుంటూ వచ్చింది. మూడేళ్ళ డిగ్రీలో నాకు బాగా గుర్తున్న చదువు అదే. ఎం.ఎన్. శ్రీనివాస్ గారు కర్ణాటకలోని రాంపుర ఊరి మీద రాసుకున్న నోట్సు 1970లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో మంటల్లో కాలిపోతే ఆయన ఎక్కువగా జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాసిండంట, ఫీల్డ్‌లో నిజంగా ఉన్న మనిషికే అది సాధ్యమని నాకు ఇప్పుడు తెలుస్తుంది.

ఉద్యోగంలో పనికొచ్చింది ఎక్కువగా ఫైనల్ ఇయర్ పరిశోధనా పద్ధతుల పేపర్. ప్రశ్నావళి, ఇంటర్వ్యూ, శాంపిల్, పరిశీలన. చదివేటప్పుడు మహా బోరు, అందరం తిట్టుకున్నం. కానీ ఒక ఉదాహరణ చెప్తా. నిజామాబాద్ వైపు బీడీలు చేసే ఇళ్ళల్లో సర్వే. "ఏం పని చేస్తవమ్మా" అంటే "ఏం పని లేదు బిడ్డా, ఇంట్లనే ఉంట" అంటది. అనేటప్పుడు ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, చేతులు ఒక్క క్షణం ఆగవు. ఫారంలో "పని లేదు" అని టిక్ పెడితే ఆ ఆడమనిషి కష్టం ప్రభుత్వం లెక్కలోంచి మాయం అయిపోతది. ప్రశ్న మార్చి "పొద్దున లేచినకాడి నుంచి ఏమేం చేసినవ్" అని అడిగితే బీడీలు, బర్రె, పొలం, వంట, అన్నీ బయటికి వస్తయి. ఏ ప్రశ్న ఎట్లా అడగాలి, ఎవరి ముందు అడగొద్దు, ఆమె భర్త పక్కన కూర్చుంటే జవాబు ఎట్లా మారుతది, ఈ పట్టింపు నాకు సోషియాలజీ ఇచ్చింది. టీంలో మంచి ఇంజినీరింగ్ పిల్లలు ఉంటరు, ట్యాబ్‌లో ఫారం నాకన్నా స్పీడుగా నింపుతరు, ఈ తేడా పట్టుకోవడానికి మాత్రం వాళ్ళకి చాలా టైం పడుతది.

జీతాల సంగతి కూడా దాచను. ఒక్క బీఏ తోటి నేరుగా ఈ సబ్జెక్టు పేరు మీద ఉద్యోగం దొరకడం చాలా కష్టం, దొరికినా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ పనులు, ప్రాజెక్టు అయిపోతే పని అయిపోతది. ఎంఏ చెయ్యాల్సిందే, ఉస్మానియా లాంటి వాటికి సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్‌లు రాయాలి. పోటీ పరీక్షలకి మటుకు బాగా పనికొస్తది, సివిల్స్‌లో ఆప్షనల్‌గా రెండు పేపర్లు కలిపి 500 మార్కులు, తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్‌లో సామాజిక నిర్మాణం, సమస్యలు, పబ్లిక్ పాలసీలు అని ఒక భాగమే ఉంది. సోషల్ వర్క్ వేరే కోర్సు, రెండూ ఒకటే అనుకుని చేరేవాళ్ళు చాలామంది, మీకు కౌన్సెలింగ్, కేసు వర్క్ లాంటివి ఇష్టమైతే అటే పోండి.

తెలుగు మీడియం వాళ్ళకి ప్రత్యేకంగా: తెలుగు అకాడమీ పుస్తకం బేస్‌కి పెట్టుకోండి, భాష కొంచెం బరువుగా ఉన్నా విషయం సరిగ్గా ఉంటది, గైడు కొనొద్దు. పక్కనే ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సోషియాలజీ పుస్తకాలు ఇంగ్లీషులో ఫ్రీగా దొరుకుతయి, మెల్లగా చదవండి, ఎంఏకి పోయాక చాలావరకు ఇంగ్లీషే కాబట్టి అప్పుడు తలకిందులు కాకుండా ఉంటరు. ఎక్సెల్ నేర్చుకోండి, లెక్కలంటే భయపడి ఆర్ట్స్‌కి వచ్చినా సరే, శాతాలు, సగటులు రాకపోతే ఈ ఫీల్డ్‌లో ఎవ్వరూ పైకి రానియ్యరు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరు, బిల్డింగ్ చూడకండి, అక్కడి సీనియర్లని పట్టుకుని రెండు సంగతులు అడగండి: సోషియాలజీకి పర్మనెంట్ లెక్చరర్ ఉన్నరా, ప్రాజెక్టు అంటే నిజంగా ఊరికి తీసుకుపోతరా, లేకపోతే జిరాక్స్ షాపులో బైండింగ్ చేయించి సబ్మిట్ చేస్తరా. రెండో జవాబు జిరాక్స్ షాపు అయితే ఆ కాలేజీ వద్దు, దగ్గర్లో ఇంకోటి వెతకండి, ఏదీ దొరకకపోతే చేరండి కానీ మొదటి ఎండాకాలం సెలవుల్లోనే మీ ఊరి వాడల మ్యాప్ మీరే గీసుకుని, ఒక్కో వాడలో పది ఇళ్ళు తిరిగి మాట్లాడండి.