పీత పిల్లలను నీటిలోకి వదలడానికి ఏ పోటు మేలు?

శ్రీకాకుళం జిల్లా భావనపాడు దగ్గర ఉప్పుటేటి గట్టున నీరు తీసిన వేళ బురద మీద ఫిడ్లర్ పీతలనే చిన్న చిన్న పీతలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. మగదానికి ఒక చెయ్యి మాత్రమే పెద్దదిగా ఉంటుంది కనుక దానిని అందరూ గుర్తుపడతారు. ఆడదానిని పట్టుకుని పొట్ట కింది మడత ఎత్తి చూసేవారు తక్కువ. ఆ మడత కింద వేల గుడ్లు ముద్దగా అంటుకుని ఉంటాయి. మొదట్లో ముదురు రంగులో ఉండే ఆ ముద్ద లోపలి సొన ఖర్చయ్యేకొద్దీ పాలిపోతుంది, చివరి రోజుల్లో ఒక్కొక్క గుడ్డులో నల్లటి కంటిచుక్కలు కనిపిస్తాయి. ఫిడ్లర్ పీతల్లో ఈ మోత సుమారు రెండు వారాలు. కంటిచుక్కలు పడ్డాక తల్లి తేల్చుకోవలసినవి రెండు: పగటి పోటా, రాత్రి పోటా అన్నది ఒకటి, అమావాస్య, పౌర్ణమి నాటి పెద్ద పోటా, అష్టమి నాటి చిన్న పోటా అన్నది మరొకటి.

పోటు నిండిన సమయమా, నీరు ఇంకా ఎక్కుతున్న సమయమా అన్నదాని మీద పెద్దగా వాదన అక్కరలేదు. అప్పుడే పొదిగిన పిల్లను జోయియా అంటారు. అది మిల్లీమీటరు పరిమాణంలో ఉండి, ప్రవాహానికి ఎదురీదలేదు. నీరు ఎక్కుతున్నప్పుడు వదిలితే ఏటి లోపలికే కొట్టుకుపోతుంది. అక్కడ చిన్న చేపలు కాచుకుని ఉంటాయి. వేసవిలో నీరు కాగిపోతుంది, వానలకు ఉప్పదనం విరిగిపోతుంది. అందుచేత పోటు నిండి, నీరు వెనక్కి తిరగబోయే వేళకే విడుదల జరగాలి. అప్పుడయితే ఆరు గంటల పాటు నీరు పిల్లలను ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు లాక్కుపోతుంది.

పగలు, రాత్రి అన్న తూకంలో నా మొగ్గు రాత్రి వైపే. ఏటిలో తిరిగే చిన్న చేపల్లో చాలా భాగం చూపుతో వేటాడేవి. ఈ కారణానికి బలమైన ఆధారం పనామా తీరంలో దొరికింది: కొట్టొచ్చినట్టు కనిపించే రంగు పిల్లలు గల జాతులు రాత్రి పోటును గట్టిగా పట్టుకుని ఉండగా, నీటిలో కలిసిపోయే రంగు గల పిల్లల జాతులు పగలు కూడా వదులుతున్నాయని జీవశాస్త్రవేత్తలు జాన్ క్రిస్టీ, స్టీవెన్ మోర్గాన్ గమనించారు. ప్రవాహం ఒక్కటే కారణమయితే ఈ తేడా రావలసిన పని లేదు. అంతకుముందు 1978లో క్రిస్టీయే మరో కారణం ప్రతిపాదించారు: సముద్రంలో కొన్ని వారాలు పెరిగిన పిల్లలు తిరిగి ఏటిలోకి వచ్చే రోజులకు తగిన పోటు దొరకాలన్న లెక్కతో తల్లులు విడుదల రోజును ఎంచుకుంటాయన్నది ఆ వాదం. ఆ వాదం రోజును వివరించవచ్చు గాని, రాత్రినే ఎందుకు ఎంచుకుంటాయో అంత బాగా వివరించదు.

ఇక పెద్ద పోటు, చిన్న పోటు సంగతి. విశాఖపట్నం దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టం దాదాపు 1.4 మీటర్లు ఎక్కి దిగుతుంది, చిన్న పోటు రోజుల్లో అర మీటరు మాత్రమే. మన తీరం కూడా ఇంచుమించు అంతే. పెద్ద పోటుకు నీరు గట్టు ఎగువన ఉన్న బొరియల దాకా వస్తుంది కనుక తల్లి బహిరంగ బురద మీద దూరం నడవనక్కరలేదు; వెనక్కి తీసే నీటి వేగం కూడా ఎక్కువ.

ఈ రెండు తూకాలూ మన తీరంలో ఒకచోటికే చేరడం విశేషం. అమావాస్య, పౌర్ణమి రాత్రుల్లో మొగ దగ్గర పోటు దాదాపు 9 గంటల ప్రాంతంలో నిండుతుంది, ఏటి లోపలికి వెళ్లేకొద్దీ ఇంకొంచెం ఆలస్యమవుతుంది. అక్కడి నుంచి తెల్లవారుజామున 3 గంటల దాకా నీరు తీస్తుంది, అంటే ఆ ప్రయాణమంతా చీకట్లోనే సాగుతుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనుకబడుతుంది కనుక అష్టమి, నవమి నాటికి రాత్రి పోటు 3 గంటల ప్రాంతానికి జరుగుతుంది. అప్పుడు వదిలిన పిల్లలు సగం దారిలో ఉండగానే తెల్లవారుతుంది, పైగా ఆ నీటికి లాగే బలమూ లేదు. కనుక ఇక్కడి పీతకు చిన్న పోటు రెండు విధాలా నష్టమే. రోజులోని రెండు పోట్లలో పెద్దది పట్టపగలు నిండే తీరాల్లోని పీతలకు ఈ సౌలభ్యం లేదు. అక్కడ చీకటా, వేగమా అన్నది నిజంగానే తేల్చుకోవలసి వస్తుంది. నన్నడిగితే చీకటికే ఓటు.

ఇంత కచ్చితంగా వేళను అందుకోవడం నీరు తగిలినందువల్ల కాదు. పోటూ పాటూ లేని తొట్టిలో, ఎప్పుడూ ఒకే వెలుతురులో ఉంచినా చాలా జాతుల ఆడ పీతలు దాదాపు అదే వేళకు పిల్లలను వదులుతాయి. వేళ రాగానే తల్లి నీటి అంచున ఒళ్లు కొద్దిగా పైకెత్తి పొట్ట మడతను చకచకా ఆడిస్తుంది. టార్చి వెలుగులో చూస్తే దాని కింద నుంచి సన్నటి పొగ లాంటిది విడిపోయినట్టుంటుంది, అంతలోనే నీటిలో కలిసిపోతుంది. తరువాత తల్లి నేరుగా బొరియకు వెళ్లిపోతుంది.

ఈ లెక్క పీతలన్నింటికీ వర్తించదు. మార్కెట్లో మంచి ధర పలికే మండపీత గుడ్లతో తానే సముద్రంలోకి పోతుంది కనుక పిల్లలను సాగనంపడానికి దానికి ఏటి పాటుతో పని లేదు. మరోవైపు వేసవిలో ఇసుక మేట వేసి మొగ మూసుకుపోయే చిన్న ఏర్లలో ఏ తిథి అయినా ఒకటే. ఆ రాత్రి వదిలిన పిల్లలు ఎంత చీకటి ఉన్నా ఆ మడుగులోనే, చేపల మధ్యనే ఉండిపోతాయి.