వేడినీళ్ళలో కరిగే ప్లాస్టిక్ పూసలు: బొమ్మ తలలకి పనికొస్తాయా

పర్లాకిమిడిలో మా వీధి గుంటలచేత ప్రహ్లాద నాటకం బొమ్మలతో ఆడిద్దామని తలలు చెయ్యడం మొదలెట్టేను, దానికోసం ఆన్‌లైన్లో ఈ పూసలు పావుకిలో తెప్పించేను. పాలీకాప్రోలాక్టోన్ అంటారు. సుమారు 60 డిగ్రీల నీళ్ళలో వేస్తే తెల్ల పూసలు గాజులాగ అయిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి, చెంచాతో తీసి పిసికితే మైనంలాగ ఎలా అంటే అలా వంగుతాది, చల్లారితే మళ్ళీ తెల్లగా గట్టిపడిపోతాది. నచ్చకపోతే తిరిగి వేడినీళ్ళలో వేసీడమే, ఇది మాత్రం భలే నచ్చింది. ప్లాస్టిక్ మగ్గులో మాత్రం వెయ్యకండి, నాది మగ్గుకే అతుక్కుపోయింది, పేకెట్టు మీద ఆ ముక్క ఎక్కడా రాయలేదు.

తల మొత్తం దీంతో చెయ్యొద్దండి. హిరణ్యకశిపుడి తలకే సగం పైన అయిపోయింది, పైగా బరువు. చేతికి తొడిగి ఆడించిన పది నిమిషాలకే మా మేనకోడలు "మావయ్యా, చెయ్యి లాగేస్తంది" అని దించీసింది. రంగు కూడా పట్టలేదు, గరుకు కాయితంతో రుద్దకుండా వేస్తే మర్నాటికి పెచ్చులు లేచిపోయింది.

అందుకని నరసింహుడిది పేపరుతో చేసేను. బంకమట్టితో మొహం చేసి, వేజలిన్ రాసి, చింతగింజల జిగురులో ముంచిన పేపరు ముక్కలు ఏడెనిమిది పొరలు అంటించేను. ముక్కలు కత్తిరించకూడదు, చింపాలి, అప్పుడే అంచులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ముక్కు దగ్గర గీతలు కనబడవు. ఒడిశాలో పటచిత్రాలకి పేరున్న ఊరు రఘురాజ్‌పూర్లో మాస్కులు చేసేది కూడా పేపరుతోనే కదా. జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు గాని అది విషం, గుంటలు చేతులు పెడతారని నేను వెయ్యలేదు. నాలుగు రోజులు ఎండేక మట్టి మీంచి ఊడదీస్తే తల ఎంత తేలికో, వేలి మీద నిలబెట్టొచ్చు! ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఐతే బరువు, కిందపడితే ముక్కలే.

పూసల అసలు పని కోరల దగ్గర. పేపరుతో కోర చేస్తే మొన చీలిపోతాది, దీన్ని వేడిగా ఉన్నప్పుడు వేళ్ళ మధ్య దొర్లించి చివర మెల్లగా లాగితే సూదిలాగ వస్తాది. ఎం-సీల్‌తో అతికించేను, కదల్లేదు. దవడ బందులకీ, తాడు కట్టే కొక్కేలకీ కూడా ఇదే మంచిది. ఎండలో కారులో మాత్రం పెట్టకండి, మే నెలలో అద్దం దగ్గర మర్చిపోతే నరసింహుడి కోరలు రెండూ కిందకి వంగిపోయాయి, మళ్ళీ చెయ్యాల్సొచ్చింది.

అయిదుకి మూడున్నర ఇస్తాను. పావుకిలో అక్కర్లేదు, వంద గ్రాములు కొనుక్కోండి, నాలుగైదు తలల కోరలకీ బందులకీ సరిపోతాది.