ఘనా టేకు ద్వారబంధాలు: డిపోలో రేటు కంటే టేపు ముఖ్యం

హైదరాబాద్ ముషీరాబాద్ కలప డిపోల నుంచి జిల్లా కేంద్రాల్లోని కోత మిల్లుల దాకా, టేకు గుమ్మాలు కావాలని అడిగితే ఈ రోజుల్లో తరచుగా చూపించేది ఆఫ్రికా నుంచి వచ్చిన దుంగలే. ఘనా, నైజీరియా, బెనిన్, సూడాన్ అని రకరకాల పేర్లు చెబుతారు. వీటిలో ఎక్కువగా వినిపించే ఘనా టేకు మాటే ఇక్కడ. ఇంటి లోపలి ద్వారబంధాలకు ఈ కలప బాగానే పనికొస్తుంది. సింహద్వారానికి మాత్రం ముక్క ముక్కా ఏరుకుని కొంటేనే పెట్టాలి. కొన్నవాళ్లు నష్టపోయేది ముఖ్యంగా రెండు చోట్ల: కొలత దగ్గర, తడి దగ్గర. బేరమంతా రేటు మీదే నడుస్తుంది కాబట్టి ఈ రెండూ ఎవరి కంటా పడవు.

ముందు పేరు సంగతి. ఘనా టేకు అసలైన టేకే. ఆదిలాబాద్ అడవుల్లో, బల్లార్షాలో పెరిగే జాతీ ఇదీ ఒకటే, ఘనాలో తోటలుగా వేశారు. కానీ "ఆఫ్రికన్ టేక్" అన్న పేరుతో ఇరోకో అనే వేరే చెట్టు కలప కూడా ప్రపంచమంతా అమ్ముడవుతుంది. అదీ గట్టి కలపే గానీ టేకు కాదు. అందుకే బిల్లులో "ఆఫ్రికన్ టేక్" అని రాయిస్తే చాలదు. "టేకు, టెక్టోనా గ్రాండిస్, ఘనా" అని రాయించుకోవాలి. చూసి గుర్తుపట్టాలంటే చిత్రికతో ఒక్క పొర లేపి వాసన చూడండి. టేకుకి తోలు సామాను లాంటి ప్రత్యేకమైన వాసన ఉంటుంది, వేలితో రుద్దితే కాస్త నూనె జిడ్డు తగులుతుంది. దుంగ చివరను పదునైన ఉలితో నున్నగా కోసి చూస్తే ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరస కట్టి కనిపిస్తాయి. ఇక బర్మా టేకు అంటూ దుంగలు చూపిస్తే కాగితాలు అడగండి. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి కోయని దుంగల ఎగుమతి ఆపేసింది. అక్కడి నుంచి కోసిన కలప వస్తుంది గానీ, కొత్త సరుకు అంటూ చూపించే దుంగను అంత తేలిగ్గా నమ్మకూడదు.

తోట టేకులో అసలు లోపం వయసు. చిన్న వయసులో కొట్టిన చెట్టులో చేవ (లోపలి ముదురు రంగు గట్టి కలప) తక్కువ, చుట్టూ ఉండే తెల్లభాగం ఎక్కువ. బలంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా చెదను, పుచ్చును తట్టుకోవడంలో ఉంటుంది. టేకుకి చెద పట్టదన్న మాట చేవకే వర్తిస్తుంది. తెల్లభాగంలో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి పొడిపురుగు దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. గుమ్మం పెట్టిన కొన్ని నెలలకు కింద సన్నటి పిండిలా రాలుతోందంటే అది ఆ తెల్ల అంచు నుంచే. ముక్క మూలలో అర అంగుళం తెలుపు ఉంటే, అది గోడ లోపలికి వెళ్లే వైపు కాకుండా బయటికి కనిపించే వైపు వచ్చేలా పెట్టించి మందు కొట్టించవచ్చు. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. తెలుపుని గోడ వైపు దాచేస్తే తడీ అక్కడే, పురుగూ అక్కడే, చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇక కొలత. దుంగను కొనేటప్పుడు చాలా డిపోల్లో మధ్యలో చుట్టుకొలత తీసి, నాలుగో వంతును వర్గం చేసి, పొడవుతో గుణిస్తారు. 36 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు ఉన్న దుంగను తీసుకుందాం. 36లో నాలుగో వంతు 9, దాని వర్గం 81, దాన్ని 8తో గుణించి 144తో భాగిస్తే 4.5 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). నిజానికి ఆ దుంగలో ఉన్న మొత్తం కలప 5.7 సీఎఫ్‌టీ దాకా ఉంటుంది. కోతలో పోయే దాంట్లో కొంత ఈ లెక్కలోనే తగ్గించి ఇచ్చినట్టు, అందుకే ఈ పద్ధతి ఇన్నాళ్లు నిలిచింది. పద్ధతిలో తప్పు లేదు, టేపు ఎక్కడ చుట్టారన్న దాంట్లోనే ఉంది. అదే దుంగకి అర అంగుళం మందం బెరడు ఉండి, బెరడు మీదే టేపు చుడితే చుట్టుకొలత 39 దాటుతుంది. 39తో లెక్క వేస్తే 5.28 సీఎఫ్‌టీ. అంటే బెరడుకే 0.78 సీఎఫ్‌టీ, 17 శాతం ఎక్కువ డబ్బు. మంచి డిపోలో టేపు చుట్టే చోట గొడ్డలితో బెరడు చెక్కి కొలుస్తారు, లేదా బెరడుకి ఇంత అని తగ్గిస్తారు. రెండూ చెయ్యకపోతే అక్కడితో ఆగిపోవచ్చు.

ఆ 36 అంగుళాల దుంగ నుంచి ఏం వస్తుందో కూడా చూడాలి. అడ్డకొలత పదకొండున్నర అంగుళాలు. చుట్టూ అంగుళం తెలుపు తీసేస్తే చేవ తొమ్మిదిన్నర అంగుళాలు. అందులోంచి నాలుగు మూలలా చేవే ఉండే 5×3 ముక్కలు రెండే వస్తాయి, మూడోది కావాలంటే మూలల్లో తెలుపు తగులుతుంది. అంటే 4.5 సీఎఫ్‌టీకి డబ్బు కడితే ద్వారబంధానికి పనికొచ్చేది 1.67. మిగిలిన పక్క చెక్కలు తలుపు చట్రాలకి, బీడింగులకి (అంచుల్లో బిగించే సన్న పట్టీలకి) వాడుకుంటేనే దుంగ కొనడం గిట్టుబాటు. రెండు మూడు గుమ్మాలే కావాల్సినవాళ్లకి దుంగ జోలికి పోవద్దనే చెబుతాం. కోసిన సైజులే కొనాలి.

కోసిన సైజుకి లెక్క తేలిక. పొడవు అడుగుల్లో, వెడల్పు మందం అంగుళాల్లో పెట్టి గుణించి 144తో భాగించాలి. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న గుమ్మానికి గడపతో సహా ఏడున్నర అడుగుల నిలువులు రెండు, 4 అడుగుల అడ్డాలు రెండు, మొత్తం 23 అడుగులు కావాలి. 5×3 సైజులో అది 2.40 సీఎఫ్‌టీ. ఇప్పుడు టేపు పెట్టి చూడండి. ముక్క నాలుగుముప్పావు, రెండుముప్పావు ఉంటే అసలు ఉన్నది 2.09 మాత్రమే. 13 శాతం రంపపు పొట్టుగా పోయినా బిల్లులో మాత్రం నిలిచే ఉంది. సీఎఫ్‌టీ రూ.3,000 అనుకుంటే గుమ్మానికి రూ.930, ఎనిమిది గుమ్మాలకి రూ.7,440. రేటులో వంద తగ్గించారని సంతోషపడినవాళ్లు ఇక్కడ సీఎఫ్‌టీకి దాదాపు నాలుగు వందల లెక్కన పోగొట్టుకుంటారు. చిత్రిక పట్టాక నిండు 5×3 కావాలంటే ఐదుంపావు, మూడుంపావు కోయించాలి, ఆ కొలతకే డబ్బు కట్టాలి. అది న్యాయం. ఏడడుగుల మూడంగుళాల ముక్కను ఏడున్నరగా రాసుకునే అలవాటు కూడా ఉంది. పొడవు ప్రతి ముక్కకీ విడిగా రాయించండి.

తడి విషయంలో ఈ కలపకి మా మార్కు చాలా తక్కువ. దుంగలు కంటైనర్లో వచ్చి, డిపోలో కొన్నాళ్లు ఎండలో పడి, ఆర్డరు రాగానే కోతకి వెళ్తాయి. పైన అంగుళం ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. పచ్చి టేకు 25 శాతం తడి నుంచి 12 శాతానికి ఆరేసరికి వలయాల వెంబడి వెడల్పులో సుమారు రెండున్నర శాతం కుంచించుకుంటుంది. 5 అంగుళాల ముక్కలో అది 3 మిల్లీమీటర్లు. గుమ్మానికీ ప్లాస్టరింగుకీ మధ్య పడే సన్నటి గీత అదే, తలుపు గాడిలో కూర్చోకపోవడానికి ఒక కారణం కూడా అదే. మేస్త్రీనో వడ్రంగినో తిట్టుకుంటారు గానీ తప్పు డిపోలోనే జరిగిపోయింది.

తేమ మీటరు ఉంటే చివరల్లో, పైపైన గుచ్చి చూసి సరిపెట్టుకోకండి. మీటరు ముళ్లు కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే చెబుతాయి. ఒక ముక్కను చివర నుంచి అడుగు లోపలికి కోయించి, ఆ తాజా కోత మధ్యలో గుచ్చాలి. 15 శాతం దాటితే వెంటనే బిగించకూడదు. మీటరు లేకపోతే కాటా ఉంది. ఆరిన టేకు సీఎఫ్‌టీకి 18, 19 కిలోలు తూగుతుంది. పైన చెప్పిన 2.40 సీఎఫ్‌టీ గుమ్మం సుమారు 44 కిలోలు ఉండాలి. 60 కిలోలు తూగిందంటే లోపల ఇంకా పచ్చిగానే ఉన్నట్టు.

కాబట్టి పునాది లేచేటప్పుడే సైజులు కోయించుకుని, నీడలో, నేలకి అర అడుగు ఎత్తున, ప్రతి వరుసకీ మధ్య అంగుళం పట్టీలు రెండడుగులకొకటి పెట్టి పేర్చుకోవాలి. పట్టీలు ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా రావాలి, అటూ ఇటూ జరిగితే ముక్క వంకర తిరుగుతుంది. చివరలకి మైనం గానీ పెయింటు గానీ పూస్తే పగుళ్లు తగ్గుతాయి. 3 అంగుళాల మందానికి నాలుగు నెలలు కనీసం, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. టార్పాలిన్ గట్టిగా చుట్టేయకండి, లోపల బూజు పడుతుంది.

ముక్క ఏరేటప్పుడు కంటిని మోసం చేసేవి రెండు. పగులులో రంపపు పొట్టు, జిగురు కలిపిన లప్పం కూరి గరుకు కాగితంతో రుద్దేస్తే దూరానికి కనపడదు. తడిగుడ్డతో తుడవండి. కలప ఒకేలా నల్లబడుతుంది, లప్పం ఉన్నచోట మాత్రం రంగు మారదు, కలప నార గీత అక్కడ తెగిపోతుంది. రెండోది, తెల్లభాగానికి నూనె లేదా రంగు పట్టించి చేవలా చూపించడం. కనపడని మూల ఉలితో అడ్డంగా రెండు మిల్లీమీటర్లు లేపితే లోపలి తెలుపు బయటపడుతుంది. దుంగ నడిమధ్య బిందువు ముక్క లోపల ఉండిపోతే ఆ ముక్క ఎప్పటికైనా అక్కడి నుంచి చీలుతుంది. రెండు చివరలూ చూసి అలాంటి వాటిని పక్కన పెట్టేయండి. రూపాయి బిళ్లంత గట్టి ముడి ఒకటి రెండు ఉంటే ఫరవాలేదు గానీ, తాళం గానీ బందులు గానీ వచ్చే చోట ఉండకూడదు. ఏరుకోనివ్వని డిపోలో, ఎంత తక్కువకి ఇచ్చినా కొనొద్దు.

మిగతా కలపల గురించి కొద్దిగా. పాత తోటల సూడాన్ టేకులో చేవ ఎక్కువ, రేటూ ఎక్కువ, సింహద్వారానికి అదే నయం. నల్లమద్ది బలంగా, బరువుగా ఉంటుంది. లోపలి గుమ్మాలకి చవకలో మంచిదే, కానీ పగుళ్లిస్తుంది, ఉలికి లొంగదు. వేప బాగా ఆరబెట్టి మందు కొట్టించాకే. మలేషియా సాల్ అని అమ్మేవి ఒకే జాతి అన్న భరోసా లేదు, ముక్కకీ ముక్కకీ బరువు మారుతుంది.

డిపో సేవ చూడాల్సింది బిల్లులో. జాతి పేరు, ప్రతి సైజూ, పొడవు, ముక్కల సంఖ్య, సీఎఫ్‌టీ, కోత కూలి, హమాలీ, జీఎస్టీ వేరువేరుగా ఉండాలి. "టేకు సామాను, మొత్తం ఇంత" అని రాసిన చీటీ చేతిలో ఉంటే రేపు పుచ్చు ముక్క వెనక్కి తీసుకోమని అడగడానికి ఆధారమే ఉండదు. కలప లారీ దారిలో ఆగితే చూపించాల్సినవీ కాగితాలే, అటవీ ఉత్పత్తుల రవాణాకి నిబంధనలు ఉన్నాయి. ఏ కాగితం అవసరమో డిపోవాళ్లే చెప్పి చేతికివ్వాలి. వడ్రంగికి డిపో ఇచ్చే కమీషన్ కూడా ఈ వ్యాపారంలో మామూలే. అందుకే సైజుల పట్టీ వడ్రంగితో రాయించుకున్నా, డిపోలో టేపు మాత్రం ఇంటివాళ్ల చేతిలో ఉండాలి.

సైటుకి వచ్చాక గోడకి ఆనే మూడు వైపులా తారు గానీ ప్రైమర్ గానీ రెండు కోట్లు వెయ్యండి. నిలువుకి మూడేసి హోల్డ్‌ఫాస్ట్‌లు (గుమ్మాన్ని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు), కిందది గడపకి అడుగు పైన. దుంగ కొన్నవాళ్లు పక్క చెక్కలు డిపోలో వదిలేసి రావద్దు. వాటికీ డబ్బు కట్టారు, కిటికీ బీడింగులన్నీ వాటిలోంచే వచ్చేస్తాయి.