వేరే సెక్షనా, అందరికీ ఒకే తరగతా: ఏది మేలు?

సర్కారు బడిలో ఇంగ్లీషు మీడియం మంచిదా, తెలుగు మీడియం మంచిదా అని ఏళ్ళుగా వాదించుకుంటున్నాం. దానికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మీడియం వల్ల ఎవరి పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటారు?

విశాఖలో ఇది చిన్న విషయం కాదు. పోర్టు, నేవీ, స్టీల్‌ప్లాంటు వల్ల ఒరియా, హిందీ, బెంగాలీ మాట్లాడే కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలి పనికి వచ్చినవాళ్ళు, జాలరిపేట మత్స్యకారులు, ఏజెన్సీ నుంచి దిగివచ్చినవాళ్ళు ఉన్నారు. వీళ్ళ పిల్లలంతా కలిసి పెరగగలిగే చోటు ప్రాథమిక బడే.

ముందు వేరే సెక్షన్ సంగతి చూద్దాం. 2008లో సక్సెస్ స్కూళ్ళ పేరుతో మన హైస్కూళ్ళలో తెలుగు సెక్షన్ల పక్కనే ఇంగ్లీషు మీడియం సెక్షన్లు పెట్టారు. ఇలాంటి పద్ధతిలో తల్లిదండ్రులు కోరుకున్నది ఎంచుకోవచ్చు, ఎవరినీ బలవంతపెట్టరు. కానీ పని మానుకుని బడికి వచ్చి హెడ్మాస్టరుతో మాట్లాడగలిగేది ఎవరు? కాస్త చదువుకున్నవాళ్ళు, నెల జీతం ఉన్నవాళ్ళు. రోజుకూలీ పిల్లలు, ఇంట్లో మొదటిసారి బడికొచ్చిన పిల్లలు తెలుగు సెక్షన్లో మిగిలిపోతారు. సెక్షన్ తలుపు జల్లెడలా పనిచేస్తుంది.

కెనడాలోనూ ఇదే అనుభవం. 1965లో మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచ్‌లో చదువు చెప్పించారు. పిల్లలకు ఫ్రెంచ్ బాగా వచ్చింది, ఇంగ్లీషూ దెబ్బతినలేదు. ఆ ఇమ్మర్షన్ పద్ధతి దేశమంతా పాకాక మాత్రం ఫిర్యాదులు మొదలయ్యాయి. కలిగిన ఇళ్ళ పిల్లలు అటు చేరుతున్నారని, చదువులో వెనకబడినవాళ్ళు మామూలు సెక్షన్లోనే ఉండిపోతున్నారని.

బడి మొత్తం ఇంగ్లీషు చేసేస్తే ఈ చీలిక ఉండదు. 2019 నవంబరులో ప్రభుత్వం ఒకటి నుంచి ఆరు తరగతులకు అదే ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. పేదపిల్లలకు ఇంగ్లీషు ఎందుకు దక్కకూడదన్న వాదన న్యాయమైనదే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళంటే నాకు కోపం. అయితే కెనడా పిల్లల ఇంటిభాషకు బయట బలముంది, టీచరుకు ఆ భాషతోపాటు ఫ్రెంచూ వచ్చు. ఇక్కడ ఇంట్లో ఒరియా మాట్లాడే పిల్లకి బడి దాటితే ఇంగ్లీషు వినపడదు, చాలామంది టీచర్లకీ ఇంగ్లీషులో పాఠం చెప్పాలంటే టెన్షనే. అందరూ ఒకే గదిలో ఉంటారు గానీ, ఇంట్లో చెప్పేవాళ్ళు లేనివాళ్ళు బట్టీకి దిగుతారు.

మూడోది రెండు భాషలు, ఒకే తరగతి. 1963లో అమెరికాలోని మయామీలో కోరల్ వే బడి ఇలా మొదలైంది. క్యూబా నుంచి వచ్చిన స్పానిష్ పిల్లలు, ఇంగ్లీషు పిల్లలు కలిసి రెండు భాషల్లోనూ చదివారు. ఇంగ్లీషు గంటలో వెనకపడ్డవాడు స్పానిష్ గంటలో పక్కవాడికి నేర్పుతాడు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. దీనికో షరతుంది: ఏ భాష పిల్లలూ మూడోవంతుకు తగ్గకూడదని అక్కడివాళ్ళు అంటారు. బడికి మంచిపేరు వస్తే కలిగినవాళ్ళు సీట్లన్నీ ఎగరేసుకుపోయే ప్రమాదమూ ఉంది. అందుకే కొన్ని బడులు భాషలవారీగా సీట్లు పక్కనపెట్టి లాటరీ తీస్తాయి.

మన సర్కారు బడుల్లో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు దాదాపు ఉండరు కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టలేం. హిందీ కుటుంబాలు ఎక్కువున్న పేటల్లో తెలుగు, హిందీ కలిపి చేయవచ్చు. ఇంటిభాషతో మొదలుపెట్టడం మనకు కొత్తా కాదు. 2004 నుంచి ఏజెన్సీ బడుల్లో కువి, కొండ, ఆదివాసీ ఒరియా లాంటి భాషల్లో పాఠం మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తెచ్చారు.

విశాఖకు నేను కోరేది సెక్షన్లు లేని రెండు భాషల బడి. మొదటి రెండేళ్ళు చదవడం, రాయడం తెలుగులో, తెలుగు రాని పిల్లకి తన భాషలో సాయం, రోజూ ఒక గంట ఇంగ్లీషు మాటలు. మూడో తరగతి నుంచి లెక్కలు ఇంగ్లీషులో కూడా. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇప్పటికే వచ్చాయి కదా, వాటిని ఇద్దరు పిల్లల మధ్య ఒకటి తెరిచిపెట్టి చెప్పవచ్చు. దీనికి తరగతికో టీచరు కావాలి, అది లేకుండా ఏ మీడియమూ నిలబడదు.

మీ బడిలో రెండు సెక్షన్లుంటే, ఏ పిల్లలు ఎటు ఉన్నారో హాజరుపట్టీ చూసి కనుక్కోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. పిల్లల్ని కలిపి కూర్చోబెట్టమని తీర్మానం పెట్టాల్సింది అక్కడే.