మన పిండి, వాళ్ళ పొయ్యి: చిత్తూరులో క్రిస్మస్ కేకు కాల్చి ఇచ్చే బేకరీ

చిత్తూరులో క్రిస్మస్‌కు కేకు కొనాలంటే దుకాణాలకు కొదవ లేదు. డిసెంబరు వస్తే చాలు, ఏ బేకరీ ముందు చూసినా ప్లమ్ కేకుల డబ్బాలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. ఇంట్లో మనం కలిపిన పిండి తీసుకెళ్తే కట్టెల పొయ్యిలో కాల్చి కేకుగా చేతికిచ్చే చిన్న బేకరీ ఒకటి సంతపేట వైపు సందుల్లో ఉంది. మామూలు రోజుల్లో బన్ను, బ్రెడ్డు, రస్కు తప్ప అక్కడ ఇంకేమీ ఉండవు. క్రిస్మస్‌కు, రంజాన్‌కు మాత్రం చుట్టుపక్కల ఇళ్ళ నుంచి టిన్నులు, ట్రేలు వస్తాయి. పోయిన క్రిస్మస్‌కు మా కేకులు, బిస్కెట్లు అన్నీ అక్కడే కాల్పించాం. చిన్నపిల్లలు, వచ్చే చుట్టాలు ఉన్న ఇళ్ళవాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా ఇల్లు గ్రీమ్స్‌పేటలో. రెండు గదులు, ఒక హాలు. పండక్కి పలమనేరు నుంచి అత్తమ్మ, మామ వస్తారు. వేలూరు నుంచి ఆడబిడ్డ వాళ్ళు, బెంగళూరు నుంచి మరిది వాళ్ళు వస్తారు. మరిది అత్తగారు కూడా ఈసారి వచ్చారు, ఆమె గుడ్డు ముట్టరు. పిల్లలే ఐదుగురు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు, అందరికన్నా చిన్నదానికి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. ఇంతమంది ఉన్న ఇంట్లో గ్యాస్ పొయ్యి ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు. ఒకవైపు నిప్పట్లు, మురుకులు, కర్జికాయలు, ఇంకోవైపు చంటిదానికి పాలు, మామకు వేడినీళ్ళు. మా చిన్న ఓవెన్‌లో ఒకసారికి ఒక్క టిన్నే పడుతుంది. అది నడుస్తున్నప్పుడు ఎవరైనా గీజర్ వేస్తే కరెంటు ట్రిప్ అవుతుంది. డిసెంబరు పొద్దున చిత్తూరు చలికి గీజర్ వేయకుండా ఎవరుంటారు? మూడు కేకులు కాల్చాలంటే పూట గడిచిపోతుంది.

అంతకుముందు ఏడాది ఊళ్ళో ఒక పెద్ద దుకాణంలో ప్లమ్ కేకు కొన్నాం. చూడటానికి బాగానే ఉంది కానీ రమ్ము ఎసెన్సు వాసన ముక్కుకు కొట్టింది. పిల్లలు నోట్లో పెట్టుకుని ఊసేశారు. క్రిస్మస్ కేకును క్రిస్మస్ రోజున పిల్లలు తినకపోతే ఇంక ఆ కేకు ఎవరి కోసం? ఈసారి ఇంట్లోనే కలుపుదాం, బయట కాల్పిద్దాం అని అత్తమ్మే అన్నారు. ఆమె చిన్నప్పుడు పలమనేరులో అట్లాగే చేసేవాళ్ళట.

బేకరీ లెక్క చాలా సులువు. కేకు టిన్నుకు యాభై రూపాయలు, బిస్కెట్ ట్రేకు ముప్ఫై. ట్రేలు వాళ్ళే ఇస్తారు, కేకు టిన్నులు మాత్రం మనమే తీసుకెళ్ళాలి. ముందురోజు వెళ్ళి నంబరు వేయించుకోవాలి. వాళ్ళు చెప్పే టైము పొద్దున ఏడున్నర నుంచి పది దాకా. ఆ టైమే ఎందుకంటే, రాత్రంతా పొయ్యి బ్రెడ్డు కోసం మండుతుంది. కట్టెలు కాలి ఇటుకలు బాగా వేడెక్కాక నిప్పులు పక్కకు లాగేసి ముందు బ్రెడ్డు, బన్ను పెడతారు. వాటికి ఎక్కువ వేడి కావాలి. పొయ్యి నెమ్మదిగా చల్లబడుతూ 180 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తెల్లారుతుంది, అప్పుడు కేకుల వంతు. ఆ తర్వాత బిస్కెట్లు. చివర మిగిలిన సన్నటి వేడిలో రస్కులు ఆరబెడతారు. ఒక్కసారి వేసిన కట్టెలతో ఇన్ని పనులు జరుగుతాయి. స్విచ్చులు, మీటర్లు ఏమీ లేవు.

మరి వేడి ఎంతుందో ఎట్లా తెలుస్తుందని మాస్టర్‌ను అడిగాను. ఆయన చిటికెడు మైదా తీసి పొయ్యి లోపల రాతి మీద చల్లాడు. మైదా వెంటనే నల్లబడితే వేడి ఎక్కువ ఉన్నట్టు, ఎంతసేపున్నా తెల్లగానే ఉంటే వేడి చాలనట్టు. మెల్లగా గోధుమరంగు తిరిగితే కేకు పెట్టొచ్చు. మా ముందర చల్లింది ముందు అంచుల్లో రంగు మారి తర్వాత మధ్యలోకి పాకింది. “ఇంకొంచెం ఆగుదాం అక్కా” అని పొయ్యి నోటికి అడ్డంగా రేకు పెట్టి టీ తాగడానికి వెళ్ళాడు. ఆయన వచ్చి మళ్ళీ చల్లి చూసేదాకా మా టిన్నులు బల్ల మీదే ఉన్నాయి. ఈ ఓపిక చూశాకే నాకు బేకరీ మీద నమ్మకం కుదిరింది.

ఇంక పిండి సంగతి. పాత లెక్క ప్రకారం మైదా, వెన్న, చక్కెర, గుడ్లు అన్నీ సమానం. అరకిలో మైదాకు అరకిలో వెన్న, పది గుడ్లు. చక్కెర బదులు మేము బెల్లం వేశాం, అది మాత్రం నాలుగు వందల గ్రాములు. చిత్తూరులో ఉంటూ, బెల్లం మండీ ఊళ్ళో పెట్టుకుని, కొత్త బెల్లం దిగే కాలంలో చక్కెర వేయబుద్ధి కాలేదు. నల్ల బెల్లం తీసుకుంటే కేకుకు రంగు దానంతటదే వస్తుంది, చక్కెర మాడ్చి పాకం పట్టే పని తప్పుతుంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ వారం ముందే నల్లద్రాక్ష రసంలో నానబెట్టాం. ఇంట్లో చంటిపిల్లలు ఉన్నారు కాబట్టి రమ్ము, బ్రాందీ ఊసే లేదు. జీడిపప్పు, బాదం కూడా పలుకులుగా వేయకుండా పొడి కొట్టి వేశాం, చిన్నపిల్లల గొంతులో అడ్డం పడే భయం ఉండదు. బెల్లం ఉంది కాబట్టి కొంచెం వంటసోడా పడాలి. ఆ సోడా ఇంట్లో కలపొద్దని మాస్టర్ ముందే చెప్పాడు. పిండి ఆటోలో వచ్చేలోపల దాని పొంగు అంతా పోతుందట. సోడా పొట్లం విడిగా తీసుకెళ్ళి, టిన్నుల్లో పోసే ముందు అక్కడే కలిపాం. ఏ కేకూ మధ్యలో గుంట పడలేదు.

మాస్టర్ పని నేర్చుకున్నది కేరళలో, తలశ్శేరి వైపు మనిషి దగ్గర. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు పుట్టింది తలశ్శేరిలోనే అంటారు. 1883లో మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు రుచి చూపించి, ఇట్లాంటిది చేసిపెట్టమని మంబళ్ళి బాపు అనే బేకరీ ఆయన్ను అడిగాడట. దొర ఫ్రెంచి బ్రాందీ వేయమంటే, బాపు జీడిమామిడి పళ్ళతో, కదళి అరటిపళ్ళతో అక్కడ కాచే సారా వేసి చేశాడట. దొరకు అది తెగ నచ్చిందట. మా బెల్లం పిండి చూసి మాస్టర్ ఈ కథంతా చెప్పి, “ఏ ఊరి కేకు ఆ ఊరి వస్తువుతోనే చేసుకోవాలక్కా” అన్నాడు. నాకు ఆ మాట బాగా నచ్చింది.

కేకుల కన్నా బిస్కెట్ల గురించి చెప్పాలి నేను. పిల్లలకు అసలైన పండగ అదే. 22వ తేదీ రాత్రి మా అత్తమ్మ హాల్లో పాత దుప్పటి పరిచి, మధ్యలో పీటలు వేసి, నలుగురు పిల్లలకూ తలా ఒక ముద్ద పిండి ఇచ్చారు. నక్షత్రం, గంట, చెట్టు అచ్చులు మా దగ్గర ఉన్నాయి. వేలూరు వాడు గొర్రెపిల్లలు చేస్తానని అచ్చు ముట్టకుండా చేత్తోనే చేశాడు. వాడికి చర్చిలో గొర్రెల కాపరి వేషం ఇచ్చారు, రోజంతా అదే ధ్యాస. మా పెద్దది పశువుల పాక చేసింది, దాని పైకప్పు వేలెడు మందం. మా చిన్నోడి నక్షత్రాలు మాత్రం అప్పడాల మందాన ఉన్నాయి. చేతులు కడిగించి, పచ్చి పిండి నాకకుండా పక్కనే కూర్చుని చూసుకోవాల్సి వచ్చింది, అందులో గుడ్డు ఉంది కదా. ఆ రాత్రి ట్రేల మీద తడిబట్ట కప్పి ఉంచి, పొద్దున్నే తీసుకెళ్ళాం.

అక్కడ మాస్టర్ చేసిన పని చూసి నాకు చాలా సంతోషమైంది. ట్రే ఉన్నదున్నట్టు పొయ్యిలో తోసేసి ఉంటే పలుచటివి మాడిపోయేవి, లావువి పచ్చిగా ఉండిపోయేవి. ఆయన బట్ట తీసి చూసి, ఏమీ అనకుండా సన్నటి అట్లకాడతో ఒక్కో బిస్కెట్ పైకి లేపి వేరుచేశాడు. పలుచటి నక్షత్రాలన్నీ ఒక ట్రేలో, లావుపాటి పాకలు, గొర్రెలు ఇంకో ట్రేలో. గొర్రెపిల్ల కాలు ఒకటి ఊడితే వేలు నీళ్ళలో ముంచి అతికించాడు. పొడుగాటి చెక్క పారతో లావువి లోపలికి, పలుచటివి పొయ్యి నోటి దగ్గరికి పెట్టాడు. పలుచటివి తొందరగా బయటికొచ్చాయి, లావువి చాలాసేపు ఉంచాడు. ట్రే ఎక్కువైంది కదా అని ఇంకో ముప్ఫై ఇవ్వబోతే తీసుకోలేదు. “పిల్లల పని కదక్కా” అన్నాడు. ఇంటికొచ్చాక ఎవరి బిస్కెట్ ఏదో ప్రతి పిల్లాడూ గుర్తుపట్టాడు. నాకు అంతకన్నా ఏం కావాలి? చుట్టుపక్కల ఇళ్ళకు పళ్ళాలు పంచేటప్పుడు మా కర్జికాయల పక్కన వాళ్ళ నక్షత్రాలే పెట్టాం, పళ్ళెం కూడా వాళ్ళే మోసుకెళ్ళారు. కొన్న కేకు అయితే పిల్లలు అంత గొప్పగా పట్టుకెళ్ళేవాళ్ళు కాదని నా గట్టి నమ్మకం.

గుడ్డు లేని కేకు కూడా ఒకటి చేశాం, పెరుగు, సోడా వేసి. దాని సంగతి మాస్టర్ దాపరికం లేకుండా చెప్పాడు. టిన్ను మీది కాబట్టి దిగులు లేదు, పొయ్యి మాత్రం ఒక్కటే, ముందుగా పెట్టి ఇస్తాను, వేరే పొయ్యి లేదు అన్నాడు. మరిది అత్తగారిని అడిగితే పరవాలేదన్నారు. అసలు పట్టింపు ఎక్కువున్న వాళ్ళు మాత్రం ఈ విషయం ముందే తెలుసుకోవాలి.

బాగాలేనివీ ఉన్నాయి. లోపల పొగ, పైగా నిలబడటానికి చోటు లేదు. ఆయాసం ఉన్న పిల్లల్ని అసలు తీసుకెళ్ళొద్దు. పొయ్యి చూపించాలంటే వీధి వైపు గడప దగ్గర నుంచి చూపించొచ్చు. సందులో ఆటో తిరగదు, మలుపు దగ్గరే దిగి టిన్నులు చేత్తో మోసుకురావాలి. ఫోన్ చేస్తే ఎత్తరు. 23 పొద్దున తొక్కిసలాటే, కౌంటర్ దగ్గర కుర్రాడికి ఎవరికి సమాధానం చెప్పాలో తోచలేదు. టిన్నుల మీద నంబరు చీటీ అంటిస్తారు కానీ పొయ్యిలో ఆ కాగితం నిలుస్తుందా? మాకు ముందున్న ఆమె టిన్ను, ఇంకొకరి టిన్ను తారుమారై పెద్ద గొడవైంది. మా మామ ముందే మేకుతో మా టిన్నుల అంచు మీద ఇంటిపేరు అక్షరం గీసి ఇచ్చారు, మాకు ఆ టెన్షన్ లేకపోయింది.

అన్నిటికన్నా నాకు నచ్చనిది ప్యాకింగు. వేడివేడి బిస్కెట్లు పాత న్యూస్ పేపర్లో చుట్టి ఇస్తున్నారు. అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది, అట్లా చుట్టొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చెప్పింది. ఇంత బాగా కాల్చే చోట ఈ ఒక్కటీ మార్చుకోవాలని ఓనర్‌తో గట్టిగానే చెప్పాను. సరేనమ్మా అన్నారు. మారుస్తారో లేదో గానీ, మీరు వెళ్తే స్టీలు డబ్బాలు, బటర్ పేపర్ వెంట పట్టుకెళ్ళండి.

రుచి మాటకొస్తే, కట్టెల పొయ్యి కేకు పైపొర కొంచెం గట్టిగా, ముదురు రంగులో ఉంటుంది. లోపల మెత్తగా, తడిగా ఉంది. పొగ వాసన ఏమీ రాలేదు. 23న కాల్చిన కేకు 25 మధ్యాహ్నం పలావు తిన్నాక కోశాం, రెండు రోజులు ఆగడం వల్ల బెల్లం, ద్రాక్షరసం బాగా ఊరి రుచి ఇంకా పెరిగింది. బెంగళూరు నుంచి వచ్చిన మరిది పెద్ద బేకరీల కేకులు తినేవాడు, మిగిలిన అరకేకు అడిగి మరీ కట్టించుకుపోయాడు. చంటిదానికి మాత్రం కేకు పెట్టలేదు, ఉత్తి రస్కు పాలలో ముంచి ఇచ్చాం. ఆ రస్కు కూడా అక్కడిదే.

వెళ్ళాలనుకునే వాళ్ళు 20వ తేదీ లోపలే ఒకసారి పోయి మాట్లాడుకోవడం మంచిది. 21, 22 తేదీల్లో కాల్పించుకుంటే రద్దీ తక్కువ, కేకు ఎట్లాగూ నిలవుంటుంది. 24న ఇళ్ళ పిండి తీసుకోరు, ఆ రోజు వాళ్ళకు సొంత ఆర్డర్లే ఎక్కువ. రాత్రంతా పని చేస్తాడు కాబట్టి పొద్దున పదకొండు దాటితే మాస్టర్ పడుకుంటాడు. ఏదైనా అడగాలంటే సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి.