‘లూట్’ ఊరు పేరు తేల్చే ఉచిత నిఘంటువు సైట్: ఎలా వాడాలి, ఎక్కడ బోల్తా పడతాం

హైదరాబాద్‌లో సేల్ సీజన్ వస్తే చాలు, ‘లూట్ లో’ (దోచుకోండి) బోర్డులు. ఆ మాట ఇంగ్లీషా, హిందీయా అని పందెం కాసేవాళ్లకు చికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ చాలు. పైసా ఖర్చు లేదు.

నిఘంటువుల జాబితాలో హాబ్సన్-జాబ్సన్ తెరవండి. యూల్, బర్నెల్ 1886లో తెచ్చిన ఆంగ్లో-ఇండియన్ పదకోశం అది. దాన్ని 1903లో విలియం క్రూక్ సవరించాడు. ‘లూట్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కొల్లసొమ్ము అని అర్థం చెప్పి, సంస్కృత ‘లోత్ర’, ‘లోప్త్ర’ల మీదుగా ‘లుప్’ ధాతువు దాకా తీసుకెళ్తుంది. ఆ పక్కనే చదరపు బ్రాకెట్లలో, ‘లుంట్’ (దోచుకోవడం) నుంచి వచ్చిందనడమే మేలని ఇంకో మాట. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. బ్రాకెట్లలో ఉన్నదంతా క్రూక్ చేర్చినది, మొదటి రచయితలది కాదు.

అసలు రుచి ఆ తర్వాత. 1841 చైనా యుద్ధం, 1854-55 క్రిమియా యుద్ధం, 1857-58 తిరుగుబాటు. ఈ యుద్ధాల నడుమే ఈ మాట ఇంగ్లండులో కుదురుకుని, అక్కడి స్లాంగ్ నిఘంటువుకెక్కిందని రాశారు. 1867 నాటి ఒక నౌకా పదకోశమైతే దీన్ని చైనా నుంచి తెచ్చుకున్న మాట అనేసింది. సరుకు ఎత్తుకెళ్లి చిరునామా కూడా మార్చేశారన్నమాట!

పాత స్పెల్లింగులతో జాగ్రత్త. శీర్షికల్లో దొరక్కపోతే మొత్తం పాఠంలో వెతకండి. అప్పుడు ఉదాహరణల్లోని మాటలు కూడా వచ్చి ఫలితాలు కుప్పపడతాయి, ఓపిక కావాలి. బ్రౌన్ తెలుగు నిఘంటువు కూడా అదే సైట్‌లో ఉంది. అందులో ‘లూటీ’ వెతికేటప్పుడు తెలుగు లిపిలోనే కొట్టండి, ‘లూటి’ అని హ్రస్వంతో కూడా ఒకసారి చూడండి.

పించ్, స్వైప్ లాంటి మామూలు ఇంగ్లీషు దొంగతనపు మాటలకు మాత్రం హాబ్సన్-జాబ్సన్ పనికిరాదు. వాటికి ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ మేలు, అదీ ఉచితమే. పించ్ అంటే గిల్లడం. 17వ శతాబ్దం నుంచే కాజేయడమనే అర్థమూ ఉంది. మన ‘నొక్కేశాడు’ కూడా వేళ్ల పనే కదా! లండన్ వాళ్లు కాజేయడాన్ని ‘హాఫ్ ఇంచ్’ అంటారు, అది ఈ పించ్‌కు ప్రాస కోసం పుట్టింది, కొలతతో సంబంధం లేదు. స్వైప్‌కు దొంగతనం అర్థం 19వ శతాబ్దపు అమెరికా వాడుక, కార్డు స్వైప్ దాని తర్వాతిది.

ఒక మాట ఎప్పుడు పుట్టిందో చెబుతూ నిఘంటువులు ఇచ్చే సంవత్సరం, ఆ మాట రాతలో దొరికిన తొలి ఆధారానిది మాత్రమే. అందుకే ఒక్కో నిఘంటువులో ఒక్కో సంవత్సరం ఉండొచ్చు. పందెం కాసేముందు ఏ నిఘంటువు లెక్కో ముందే ఒప్పుకోండి.