పాత తోలు బూట్లకు రంగు: డై మేలా, పెయింట్ మేలా, క్రీమ్ చాలా?

షికాగో చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్ళకు వాడిన సామాన్లు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లు కొత్తేమీ కాదు. పిల్లల పుస్తకాలకో గాజు గిన్నెలకో వెళ్ళినప్పుడు బూట్ల అర దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎప్పుడో ఒకసారి ఇటుకంత బరువున్న జత చేతికి తగులుతుంది. ముక్కు మీద మొదలైన చిల్లుల అంచు రెండు పక్కలా సాగి మడమ వెనక కలుసుకుంటుంది. హీల్ అడుగున 'వి' ఆకారంలో లోహపు ముక్క, లోపల సగం చెరిగిన అక్షరాలు: ఫ్లోర్‌షైమ్ ఇంపీరియల్. 1892లో అదే షికాగోలో పుట్టిన కంపెనీ అది. 2002లో దివాలా తీసి చేతులు మారకముందు, దశాబ్దాల పాటు అమెరికా ఆఫీసుల్లో నడిచిన బూట్లివి. కుట్టు ఇప్పటికీ బిగువుగానే ఉంటుంది. రంగు మాత్రం ముక్కు దగ్గర వెలిసి, పక్కల్లో నల్లబడి, ముడతల్లో బూడిదగా ఉంటుంది.

ఇంటికి తెచ్చుకోగానే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే, డై సీసా తెప్పించి రంగు వేసేద్దామని. నాకూ అదే వచ్చింది. ఒక టాన్ (లేత గోధుమ) రంగు జతకు తోలేదో చూసుకోకుండా ముదురు గోధుమ డై వేశాను. తెలిసినవాళ్ళ పెళ్ళికి వేసుకెళితే, సాయంత్రానికి ప్యాంటు అంచుల నిండా రంగు. ఆ బూట్లు మళ్ళీ బాగుపడలేదు. డై ఎంచుకోవడం కన్నా ముందు తోలును గుర్తుపట్టడం నేర్చుకోవాలని ఆ రోజు అర్థమైంది.

మన ముందున్న దారులు మూడు. డై అంటే బట్టకు రంగద్దడం లాంటిది. స్పిరిట్‌లో కరిగిన రంగు తోలు పోగుల్లోకి దిగుతుంది, స్పిరిట్ ఆరిపోతుంది, రంగు అక్కడే ఉండిపోతుంది. పెయింట్ అంటే గోడకు సున్నం. రంగు పొడి అక్రిలిక్ జిగురుతో కలిసి పైన పొరలా కూర్చుంటుంది. రంగు క్రీమ్ అంటే గడపకు పసుపు రాయడం. కొంచెం రంగు, కొంచెం మైనం, కొంచెం నూనె. అరిగినప్పుడల్లా మళ్ళీ రాయాలి, వద్దనుకుంటే తుడిచెయ్యవచ్చు.

ఏది పనిచేస్తుందన్నది తోలు మీద ఆధారపడుతుంది. డ్రెస్ షూల్లో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది ఫుల్ గ్రెయిన్, అంటే పైభాగం చెక్కనిది, ఎక్కువగా దూడ తోలు. భూతద్దంలో చూస్తే సన్నని వెంట్రుక రంధ్రాలు కనిపిస్తాయి, వంచితే అరచేతి గీతల్లాంటి సన్నని ముడతలు పడతాయి. రెండోది కరెక్టెడ్ గ్రెయిన్. తోలు పైభాగాన్ని చెక్కి, మచ్చలు కనపడకుండా పైన ప్లాస్టిక్ లాంటి పూత వేస్తారు. పైన పటారం లోన లొటారం అన్న మాట దీనికి సరిగ్గా అతుకుతుంది. అద్దంలా మెరుస్తుంది, రంధ్రాలుండవు, ముడత మోటుగా పడి అక్కడే పూత పెచ్చులూడుతుంది. మూడోది షెల్ కార్డొవాన్, గుర్రం పిరుదుల భాగం నుంచి తీసేది. షికాగోలోనే 1905లో మొదలైన హార్వీన్ టానరీ (తోలు శుద్ధి చేసే కర్మాగారం) దీన్ని తయారు చెయ్యడానికి ఆరు నెలల దాకా తీసుకుంటుంది. దీనికీ రంధ్రాలుండవు కాబట్టి కరెక్టెడ్ గ్రెయిన్ అనుకుని పొరపడేవాళ్ళున్నారు. ముడత చూస్తే తేడా తెలుస్తుంది. షెల్ ముడత పడదు, అలలా గుండ్రంగా పొంగుతుంది.

ధరను బట్టి తోలును నిర్ణయించకండి. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ బూట్లకు పేరు, అక్కడి చర్చ్‌స్ కంపెనీ 1873 నాటిది. 1999లో ప్రాడా దాన్ని కొన్నాక వచ్చిన జతల కన్నా అంతకు ముందువాటిని వెతికి కొనేవాళ్ళు చాలామంది. అంత పేరున్న కంపెనీ కూడా 'పాలిష్డ్ బైండర్' పేరుతో పూత వేసిన తోలు వాడింది. ఖరీదైన బూటు కదా అని దానికి డై పోస్తే రంగు దిగదు, పైన జిడ్డులా నిలుస్తుంది.

కంటితో తేలకపోతే బూటు నాలుక (లేసుల కింద ఉండే తోలు ముక్క) కింద, ఎవరికీ కనపడని చోట, దూదికి చుక్క అసిటోన్ (గోళ్ళ రంగు తుడిచే ద్రవం) అద్ది రుద్దండి. కాస్త రంగు మాత్రమే దూదికి అంటుకుని కింద తోలు మామూలుగా కనిపిస్తే డైకి వీలుంది. బంకగా సాగి పొర లేస్తే అది పూత. ఇంకో పరీక్ష నీటి చుక్క. పాత పాలిష్ తీసేశాక చుక్క వేస్తే ఫుల్ గ్రెయిన్ నల్లబడి మెల్లగా ఆరుతుంది, పూత మీద చుక్క ముత్యంలా నిలబడుతుంది. షెల్ అని ఏమాత్రం అనుమానం ఉన్నా ఈ రెండు పరీక్షలూ చెయ్యకండి. నీటికి పైన బుడిపెలు లేస్తాయి, అసిటోన్ దాని మెరుపును తీసేస్తుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కూడా. కిటికీలు తెరవండి, పొయ్యి దగ్గరా దేవుడి దీపం దగ్గరా వద్దు.

ఇక డై సంగతి. ఫుల్ గ్రెయిన్ తోలు, వెళ్ళేది ముదురు రంగుకి, ఈ రెండూ కుదిరినప్పుడు డైని మించింది లేదు. గీతలు, రంధ్రాలు, తోలు సహజమైన అందం అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. అయితే డై పారదర్శకం, కింది రంగు పైకి తేలుతుంది. టాన్ నుంచి ముదురు గోధుమకి, ముదురు ఎరుపుకి, నలుపుకి వెళ్ళవచ్చు. నలుపు నుంచి టాన్‌కి రావడం కుదరదు. ఫీబింగ్స్ లాంటి డైలు సీసాలో ఉన్నట్టే తోలు మీద కనిపించవు, నాలుక వెనక ముందు వేసి ఆరాక చూసుకోవాలి.

పని ఓపిగ్గా చెయ్యాలి. పాత మైనం పూర్తిగా తీయాలి. లేకపోతే మైనం ఉన్నచోట రంగు పట్టదు, మచ్చలు తేలతాయి. సోల్ అంచుకు టేపు అంటించండి. డైలో సగానికి సగం దానికి తగిన పలచన ద్రవం కలిపి, ఉన్ని ముక్కతో ఒక భాగం పూర్తిచేశాకే మరో భాగానికి వెళ్ళండి. చిక్కగా ఒక్క పూత కన్నా పలచగా మూడు పూతలు మేలు. ఒక రోజంతా ఆరనిచ్చి, పాత తువ్వాలుతో గుడ్డకు రంగు అంటనంత వరకూ రుద్దాలి. నలుపు డైలో ఇది మరీ ముఖ్యం, మిగులు రంగు పైన నీలిరంగు లోహపు మెరుపులా తేలుతుంది. నా ప్యాంటు పాడైంది తోలును చూసుకోకపోవడం వల్ల ఎంతో, ఈ రుద్దుడు ఎగ్గొట్టడం వల్లా అంతే. స్పిరిట్ తోలులోని నూనెను లాగేస్తుంది కాబట్టి ఆ వెంటనే కండిషనర్ పట్టించాలి. నూలు దారం డైని పీల్చుకుంటుంది, పాలియెస్టర్ దారం పీల్చదు. కుట్లు లేత రంగులోనే మిగిలాయంటే పొరపాటు మీది కాదు.

పెయింట్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పూత వేసిన తోలుకు, లేతరంగుకు మార్చాల్సి వచ్చినప్పుడు దిక్కు అదొక్కటే. యాంజెలస్ లాంటి అక్రిలిక్ పెయింట్ పలచగా వేస్తే కరెక్టెడ్ గ్రెయిన్ మీద చక్కగా కలిసిపోతుంది. దూడ తోలు మీద వేస్తే మాత్రం బూటు ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది, కొన్నాళ్ళకు ముడతల్లో పగులుతుంది. మంచి తోలు మీద పెయింట్ చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

రంగు క్రీమ్‌ను మనవాళ్ళు తక్కువగా అంచనా వేస్తారు. మనం పెరిగింది చెర్రీ బ్లాసమ్, కివీ డబ్బాలతో. బడికి వెళ్ళే ముందు బ్రష్ కొడితే నల్లగా మెరిసేవి. ఆ డబ్బాల్లో ఎక్కువ భాగం మైనం. మెరుపిస్తుంది, తోలుకు మేత పెట్టదు, రంగు కూడా అంతంతే. సఫీర్ లాంటి రంగు క్రీముల్లో రంగు పాళ్ళు ఎక్కువ. పాత పాలిష్ తీసి, కండిషనర్ పట్టించి, రోజుకొకసారి చొప్పున మూడు రోజులు క్రీమ్ రాస్తే వెలిసిన ముక్కు, తెల్లబారిన గీతలు చాలావరకూ సర్దుకుంటాయి. రంగును పూర్తిగా మార్చదు, ఉన్న రంగును నిలబెడుతుంది. నా ఫ్లోర్‌షైమ్ జతకు డై వెయ్యాలని సీసా కూడా తెప్పించాను. క్రీమ్ రెండో రోజుకే ఆ సీసా అవసరం లేదని తేలిపోయింది.

అందుకే నా వరస ఇది. ఏ బూటైనా ముందు శుభ్రం చేసి క్రీమ్ రాసి చూడండి. చాలకపోతే, అది ఫుల్ గ్రెయిన్ అయితే, ముదురు రంగుకు డై. పూత తోలైతే పెయింట్. షెల్ అయితే డై, పెయింట్ రెండూ వద్దు, కొంచెం క్రీమ్, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో పది నిమిషాలు గట్టిగా రుద్దడం, అంతే.

విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో బీరువాలో ఉన్న నాన్నగారి బూట్లకూ ఇదే వరస. వాటికి ముందుగా తెల్లని బూజు వదిలించాలి. గుడ్డకు కొంచెం స్పిరిట్ అద్ది తుడిచి, ఎండలో కాదు, నీడలో గాలికి ఆరబెట్టండి. పాలీయురెథేన్ సోల్ అయితే తేమకు లోపలే కుళ్ళి, వేసుకుని నాలుగడుగులు వేస్తే పిండిపిండిగా రాలిపోతుంది. సోల్ అంచు చుట్టూ దారంతో కుట్టిన పట్టీ (వెల్ట్) ఉన్న బూటుకు మాత్రం సోల్ మార్పించుకోవచ్చు.

కొనేముందు, బేరం చేసేముందు, బూటును ముందు భాగంలో ఒక్కసారి మెల్లగా వంచండి. ముడతలో పగులు పై పొర దాటి, లోపలి పోగులు నూలులా కనిపిస్తున్నాయంటే, ఈ మూడింటిలో ఏదీ దాన్ని అతకదు. ఎంత మంచి పేరున్నా ఆ జతను అరలోనే వదిలెయ్యండి.